మెడ తిప్పని పిల్లులు

ఈ మధ్య కుర్ర పశువైద్యులు నలుగురు మా ఇంటికి వచ్చారు. ఏదో సంచిక వేస్తున్నారట, అందులోకి పాతవాళ్ల అనుభవాలు కావాలట. "మీకు బాగా పేరు తెచ్చిన కేసు ఒకటి రాసివ్వండి సార్" అన్నారు. పేరు తెచ్చిన కేసులు చెప్పుకోవడానికి పదవీ విరమణ సభ అని ఒకటి ఉంటుంది. అక్కడ శాలువా కప్పి మనం చేయనివి కూడా చేశామని చెప్తారు. నాకు ఆ ముచ్చట ఎప్పుడో తీరిపోయింది. అందుకని పేరు పోవలసి ఉండీ పోని కేసు ఒకటి రాస్తున్నాను. చదివాక నా మీద గౌరవం తగ్గితే తగ్గనివ్వండి, ఇప్పుడు దానితో నాకు పెద్ద పని లేదు.

డెబ్బైల చివర్లో నాకు విశాఖపట్నం పశువుల ఆసుపత్రికి బదిలీ అయింది. ఉక్కు కర్మాగారం ఇంకా పునాదుల దగ్గరే ఉంది గానీ ఊళ్లో ఎవరిని కదిపినా అదే కబురు. నేను విజయనగరం వైపు రైతు కుటుంబంలో పుట్టినవాణ్ణి. పశువు అంటే నా లెక్కలో ఆవు, గేదె, ఎద్దు. మేకకు కూడా కొంచెం చోటుంది. పిల్లిని పట్టుకుని ఎవరైనా వస్తే, నా చదువును ఎగతాళి చేయడానికి వచ్చినట్టే ఉండేది. ఆసుపత్రిలో నాకంటే పదిహేనేళ్లు పెద్దవాడైన కాంపౌండరు ఒకాయన ఉండేవాడు. రోజూ గోపాలపట్నం నుంచి సైకిలు మీద వచ్చేవాడు. మాట తక్కువ మనిషి. నేను చెప్పింది తప్పనిపిస్తే వాదించేవాడు కాదు, చేతిలో ఉన్న సీసా ఇవ్వడం కొంచెం ఆలస్యం చేసేవాడు. ఆ ఆలస్యానికి అర్థం తెలుసుకోవడానికి నాకు చాలా కాలం పట్టింది.

ఒకరోజు పదకొండు గంటల వేళ జాలరిపేట నుంచి ఒకావిడ వచ్చింది. నలభై అయిదేళ్లుంటాయి. చేపలు అమ్ముకునే మనిషి. తలమీద తట్ట దించితే అందులో చేపలకు బదులు పిల్లి ఉంది. గండుపిల్లి, బూడిద రంగు, మంచి వయసులో ఉన్నది. కానీ బొమ్మలా బిగుసుకుని కూర్చుంది.

"ఏమయింది?" అన్నాను, కుర్చీలోంచి లేవకుండానే.

"మెడ తిప్పనేకపోతంది డాక్టరు బాబూ. పిలిత్తే మెడ తిప్పదు, ఒళ్లంతా తిప్పి సూత్తాది. ముందుకాళ్లు ముట్టుకుంటే సాలు, అరుత్తంది. రొండేళ్లు కూడా నిండనేదు దీనికి."

జాలరి ఇళ్లల్లో పిల్లి ముద్దు కోసం ఉండదని ఆవిడ చెప్తేనే తెలిసింది. ఆరేసిన ఎండుచేపలు తినేది ఎలకే, మడిచి పెట్టిన వల కొరికేది ఎలకే. వల కొరికిన రోజు మగవాళ్లు సముద్రం మీదికి వెళ్లడం మానేసి ఒడ్డున కూర్చుని కుట్టుకోవాలి. అందుకని ఆవిడ ఒకే ఈతలో పుట్టిన మూడింటిని పెంచుకుంది. ఈ గండుపిల్లి పెద్దది. మిగతా రెండూ ఆడవి.

"తిండి ఏం పెడతావు?"

"మాయింట్లో ఏటుంటాది బాబూ, సేపే."

కేసు పుస్తకంలో 'ఆహారం: చేప' అని రాశాను. అంతకంటే ఒక్క ప్రశ్న ఎక్కువ అడగలేదు. కాలేజీలో మాకు నేర్పింది అదే కదా అని మీరు అనొచ్చు, తిండి గురించి అడగమని. నేను అడిగాను. జవాబు వినడం మాత్రం నేర్చుకోలేదు.

మెడ తడిమితే చర్మం కింద గట్టిగా, ఎగుడుదిగుడుగా తగిలింది. మోచేతుల దగ్గర కూడా అంతే. మా ఆసుపత్రిలో ఎక్స్‌రే లేదు. మనుషుల ఆసుపత్రిలో ఎక్స్‌రే తీసే అతను మా పక్క ఊరివాడు, ఒకరినొకరం బావా అని పిలుచుకునేవాళ్లం. అతను భోజనాల వేళ తలుపు గడియ పెట్టి, మనుషులను పడుకోబెట్టే బల్ల మీద ఆ పిల్లిని పడుకోబెట్టి ఫిల్ము తీశాడు. కాంపౌండరు తువ్వాలుతో దాన్ని పట్టుకున్నాడు. ఫిల్ము వెలుతురుకు పెట్టి చూస్తే మెడ ఎముకల వెంట తెల్లగా ముద్దలు ముద్దలుగా కనిపించింది.

"బావా, నాను డాక్టర్ని కాదు గానీ ఒక మాట సెప్తాను" అన్నాడు మా బావ. "ఎముక కేన్సరు ఫిల్ములు సానా సూసినాను. గడ్డ ఎముకని తినేత్తాది. ఇదేటో తిన్లేదు. పైనుంచి పోత పోసినట్టుంది."

"మనుషుల సంగతి నువ్వు చూసుకో బావా. పిల్లుల సంగతి నాకొదిలెయ్" అన్నాను. అతను నవ్వేసి ఊరుకున్నాడు. నేనూ నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

చిన్న వయసు పిల్లుల్లో ఎముక గడ్డలు అరుదు. నా దగ్గరున్న లావుపాటి పుస్తకంలో వాటికి రెండు పేజీలు మించి లేవు. ఒక వైరస్ వల్ల రావచ్చని అప్పుడప్పుడే రాస్తున్నారు. పాత దెబ్బ తగిలిన చోట రావచ్చు. పుట్టుకతోనే ఆ లోపం ఉండొచ్చు. చాలావాటికి కారణమే తెలియదు. అరుదైన జబ్బు నా బల్ల మీదికే వచ్చిందన్న సంబరం నాకు లోపల ఉంది. దాన్ని ఆవిడ ముందు కనిపించనీయకుండా మొహం బరువుగా పెట్టుకుని చెప్పాను: ఎముకలో గడ్డ లేచింది, కేన్సర్ లాంటిది, మందు లేదు, నొప్పితో తీసుకుని తీసుకుని పోతుంది, సూది వేస్తే ఆ బాధ ఉండదు.

ఆవిడ పిల్లి చెవుల మధ్య వేలితో రాస్తూ కూర్చుంది. "నొప్పి నేకుండా ఎల్లిపోద్దా బాబూ?" అంది.

"నిద్రపోయినట్టు పోతుంది."

"అయితే సూది ఏసీ." తానే ఒళ్లో పెట్టుకుని పట్టుకుంది. అయిపోయాక కొంగుతో మొహం తుడుచుకుని, "మిగిలిన రొండిటినీ ఏటి సెయ్యమంటావు?" అని అడిగింది.

"ఏముంది, నీరసపడకుండా చూసుకో. మంచి బలమైన తిండి పెట్టు" అన్నాను. చేతులు కడుక్కుంటూ అన్నాను. పశువైద్యుడు ఎవరితోనైనా అనే మాటే అది, అర్థం ఆలోచించి అనేది కాదు.

ఆసుపత్రి వెనక గోడ పక్కన దాన్ని పూడ్చారు. కోసి చూడాలని నాకు తెలుసు. మీకూ మీ గురువులు చెప్పే ఉంటారు, చచ్చిన దాన్ని కోసి చూడకుండా మన మాటే నిజమని నమ్మకండి అని. ఆరోజు గాలికుంటు టీకాల కోసం మధ్యాహ్నం ఊళ్లకు వెళ్లాలి. జీపు గేటు దగ్గర నిలబడి ఉంది. పిల్లిని కోస్తూ కూర్చుంటే జీపు డ్రైవరు నవ్వుతాడనిపించింది.

రెండు నెలలు తిరక్కుండా ఆవిడ రెండోదాన్ని తెచ్చింది. అదే మెడ, అవే మోచేతులు. ఈసారి ఎక్స్‌రే కూడా తీయించలేదు. అదే సూది, అదే గోడ పక్కన గొయ్యి. ఆవిడ ఈసారి ప్రశ్నలేమీ అడగలేదు. తట్ట బోర్లించి తలమీద పెట్టుకుని వెళ్లిపోయింది. కాంపౌండరు మాత్రం సూది కడుగుతూ అన్నాడు:

"బాబూ, ఓసారి ఆలింటికి పోయి సూద్దుమా?"

"చూడ్డానికి ఏముందండీ? పిల్లి మన దగ్గరికే వచ్చిందిగా."

నిజం ఏమిటంటే, రైతు పిలిస్తే పేడలో మోకాళ్ల దాకా దిగేవాణ్ణి. జాలరిపేటకు, అందులోనూ పిల్లి కోసం వెళ్లడం నాకు నామోషీ. కంపు అనేవాణ్ణి పైకి. కంపు నాకు కొత్తా? దాని కింద ఉన్నది వేరే, అది మా ఇళ్లల్లో పాలతో పాటు పట్టిస్తారు. ఈ ముక్క కాగితం మీద పెట్టడానికి నాకు నలభై ఏళ్లు పట్టింది.

ఇంటికి వెళ్లి చూడలేదు గానీ, ఇంట్లో కూర్చుని సిద్ధాంతం మాత్రం కట్టాను. ఆ రోజుల్లో గాలి ఓడరేవు వైపు నుంచి వీస్తే ఆరేసిన తెల్ల పంచె సాయంత్రానికి ఎర్రబడేది. ఇనుప ఖనిజం దుమ్ము. ఆ దుమ్ము పిల్లుల ఒంటి మీద పడుతుంది, పిల్లి ఒళ్లు నాక్కుంటుంది, లోపలికి పోయి ఎముకల్లో గడ్డలు లేపుతుంది. ఎంత బాగా అతికిందో! ఒకే ఈత పిల్లలు కాబట్టి తల్లి నుంచి వచ్చిన లోపమో వైరసో తోడయి ఉంటుందని కూడా చేర్చాను. నేను రాసిన వ్యాసం, దాని మీద నా పేరు, అన్నీ కళ్లకు కట్టాయి. మా పై అధికారికి చెబితే, "పిల్లుల మీద వ్యాసమా? జిల్లాలో గేదెలు అయిపోయాయటయ్యా?" అన్నాడు. అసూయ అనుకున్నాను. మా కాలేజీలో నాకు పాఠం చెప్పిన గురువుగారికి ఆరు పేజీల ఉత్తరం రాశాను. అందులో నాలుగు పేజీలు దుమ్మే.

జవాబు చాలా రోజులకు వచ్చింది. పోస్టు కార్డు. దుమ్ము మాట ఎత్తనే లేదు. తిండి సంగతి వివరంగా రాయి, చేప అంటే చాలదు, కాలేయం పెడుతున్నారా, చచ్చాక మెడ ఎముకలు తీసి చూశావా అని అడిగారు. అంతే. ఆరు పేజీలకు నాలుగు వాక్యాలు. కోపం వచ్చి కార్డు బల్ల మీద పడేశాను. నేను పడేసిన దాన్ని కాంపౌండరు తీసి చదివి, సిరా బుడ్డి కింద జాగ్రత్తగా పెట్టాడు.

మర్నాడే ఆవిడ మూడోదాన్ని తీసుకొచ్చింది. అన్నిటిలోకీ చిన్నది, తెల్ల మీద నల్ల మచ్చలు. తట్ట కింద పెట్టి, తాను గోడకు చేరబడి కూర్చుంది.

"దీనికి కూడా సూది ఏసీ బాబూ. ఇదీ మెడ తిప్పడం మానీసినాది. అన్నం కాడికి కూడా రానేకపోతంది. నాను ఇంక సూడనేను. ఇదొక్కటే ఉండిపోనాది నాకు."

నేను సూది అందుకుని, మందు కోసం చెయ్యి చాపాను. సీసా రాలేదు. కాంపౌండరు దాన్ని పట్టుకుని నిలబడ్డాడు. నా మొహం చూడకుండా, సిరా బుడ్డి వైపు చూస్తూ, "ఒక్క మాట అడగండి బాబూ" అన్నాడు.

కార్డులోని కాలేయాన్ని ఆవిడ మాటలోకి మార్చి, విసుగ్గానే అడిగాను. "పిల్లులకు కార్జం పెడతావా?"

ఆవిడ మొహం విప్పారింది. తనకు తెలిసిన సంగతి ఒకటి చివరికి డాక్టరు అడిగాడని. "పెడతాను బాబూ! సొరసేప కార్జం. మా పెరట్లోనే కదేటి ఈదందరికీ సొర నూనె కాసేది. పడవలకి రాత్తారు గదా, సెక్క పాడవకుండా. నూనె దించీసినాక మడ్డి, కార్జం ముక్కలు మిగిలిపోతాయి గదా, అయ్యన్నీ ఈటికే. పాలు మానిన కాణ్నుంచీ అదే తిండి."

"రోజూనా?"

"ముందు రోజూ నేదు బాబూ. పెద్దది ఎల్లిపోయినపుడు నువ్వు బలవైన తిండి పెట్టమన్నావు గదా. మాకాడ బాలింతలకి సొరే పెడతారు. దాన్ని మించిన బలం ఏటుంటాది? అప్పట్నుంచి రోజూ అదే. ఇంకేటీ పెట్టనేదు. మెడ వంగనేకపోతే నా సేతుల్తోటి నోట్లో పెట్టినాను."

సంగతి తెలియనివాళ్ల కోసం చెప్తున్నాను. కాలేయంలో విటమిన్-ఎ ఎక్కువ ఉంటుంది. సొర కాలేయంలో మరీ ఎక్కువ. కొంచెమైతే బలమే. నెలల తరబడి అదే తిండి అయితే, పిల్లికి మెడ ఎముకల చుట్టూ కొత్త ఎముక పుట్టుకొచ్చి, కీళ్లు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. అది గడ్డ కాదు. కేన్సర్ అసలే కాదు. అతుక్కున్న ఎముక విడిపోదు గానీ, ఆ తిండి మానిపిస్తే నొప్పి తగ్గుతుంది, పిల్లి బతుకుతుంది.

ఆవిణ్ణి వరండాలో కూర్చోమని చెప్పి వెనక్కి వెళ్లాను. కాంపౌండరు అప్పటికే పలుగు తీసుకున్నాడు. మొదటి పిల్లి గొయ్యి తవ్వాడు. అక్కడంతా ఇసుక నేల. మెడ ఎముకలు విడివిడిగా రావాలి. రాలేదు. అయిదారు ఎముకలు ఒకే ముక్కగా పైకొచ్చాయి. కొళాయి కింద కడిగి చూశాం. కొవ్వొత్తి కారి గడ్డకట్టినట్టు నున్నగా, ఒకదాని మీద ఒకటి పోసుకుని ఉన్నాయి. గడ్డ తిన్న గుర్తు ఎక్కడా లేదు. రెండోదాన్ని కూడా తవ్వాం. అదీ అంతే.

"మందు నేని జబ్బు కాదు బాబూ ఇది" అన్నాడు కాంపౌండరు. ఆయన గొంతులో ఎత్తిపొడుపు లేదు. అదే నాకు భరించరానిదిగా ఉంది.

ఎముక ముక్క పాత పేపరులో చుట్టి జేబులో పెట్టుకుని వరండాలోకి వచ్చాను. దీనికి సూది అక్కర్లేదని చెప్పాను. కార్జం, మడ్డి పూర్తిగా మానెయ్, అన్నంలో మామూలు చేప కలిపి పెట్టు, నొప్పికి నేను మాత్రలిస్తాను, మెడ మాత్రం ఇక తిరగదు, కానీ బతుకుతుంది అన్నాను. ఆవిడ లేచి నిలబడి నాకు దణ్ణం పెట్టింది. పిల్లిని తట్టలోంచి తీసి గుండెకు హత్తుకుంది. అంతలోనే ఆగిపోయింది.

"మరి ఆ రొండూ బాబూ? ఆటికీ ఇదేనేటి?"

"వాటికీ ఇదే."

"ఓలమ్మో" అంది. అరవలేదు, మెల్లిగా అంది. "అయితే నానే సంపీసినాను గదా బాబూ. నా సేతుల్తోటి పెట్టి సంపీసినాను. పెద్దది వద్దని మొగం తిప్పుకోనేక తింటంటే, ఇట్టపడి తింటందనుకున్నాను."

ఆ క్షణంలో నేను చెప్పాల్సినవి రెండే మాటలు. తిండి వాటికి జబ్బు తెచ్చింది గానీ చంపలేదు, చంపింది నా సూది. బలమైన తిండి పెట్టమన్నదీ నేనే. రెండూ నోటిదాకా వచ్చాయి. కాంపౌండరు పక్కనే ఉన్నాడు. గేదెను పట్టుకుని ఇద్దరు రైతులు చెట్టు కింద నిలబడి చూస్తున్నారు. జేబులో ఎముక తొడకు గుచ్చుకుంటోంది.

"తెలియక పెట్టావులే అమ్మా. నీ తప్పేముంది, బాధపడకు" అన్నాను.

చూశారా? క్షమించేశాను. నేను చంపినవాటికి ఆవిణ్ణి నేను క్షమించాను, అదీ పెద్దమనిషిలా, భుజం తట్టినంత మెత్తగా. ఆవిడ కళ్లు తుడుచుకుని తలూపింది. కాంపౌండరు లోపలికి వెళ్లి వాడని సూదిని కడిగాడు. దాన్ని చాలాసేపు కడిగాడు.

ఆ తర్వాత ఆయన నాతో ఆరేళ్లు పనిచేశాడు. ఈ సంగతి ఒక్కసారి కూడా ఎత్తలేదు. తిట్టి ఉంటే ఎప్పుడో ఒకనాడు ఆవిడింటికి వెళ్లి చెప్పి ఉండేవాణ్ణేమో. లేదు, ఇది కూడా ఆయన మీదికి నెట్టడమే. నేను ఆ తర్వాత చేసిన పని ఏమిటంటే, జిల్లా డాక్టర్ల సమావేశంలో మూడో పిల్లి కేసు చెప్పాను. ఎముక గడ్డ అని పొరబడే ప్రమాదం ఉన్న జబ్బును తిండి వివరం అడిగి ఎలా పట్టుకున్నానో వివరించాను. మొదటి రెండింటి ఊసెత్తలేదు. పిల్లులా గేదెలా అని వెక్కిరించిన అధికారే లేచి మెచ్చుకున్నాడు. కేసు పుస్తకంలో ఆ రెండింటి పక్కన నేను రాసిన 'ఎముక గడ్డ' అన్న మాట కొట్టేయలేదు. పుస్తకం నిండింది, బీరువాలోకి పోయింది, చెద తిని ఉంటుంది.

తర్వాత నా సర్వీసులో నిజంగానే ఎముక గడ్డలున్న చిన్న వయసు పిల్లులు రెండు వచ్చాయి. వాటికి కారణం ఏమిటని యజమానులు అడిగితే తెలియదని చెప్పాను. తెలియదు అన్న మాటకు అప్పటికి నా నోరు తిరిగింది.

ఎనభైల మధ్యలో, నాకు అక్కణ్నుంచి బదిలీ కాబోయే ముందు, ఆవిడ మళ్లీ వచ్చింది. మూడో పిల్లి ఇంకా బతికే ఉందట. ఎలకల్ని పట్టలేదట గానీ, దాని వాసనకే అవి వలల దగ్గరికి రావట. వెంట తమ వీధి పిల్ల ఒకతి, చేతిలో పిల్లికూన. నా ముందే ఆ అమ్మాయికి చెప్పింది:

"ఈ బాబుకి అన్నీ దాసుకోకుండా సెప్పు. నానలాగే తెలీక రొండు పిల్లుల్ని నా సేతుల్తోటి సంపుకున్నాను. మూడోది ఈ బాబు నేకపోతే అదీ పోయుండును."

నేను కూనను చూసి మందు రాసిచ్చాను. వెళ్తూ వెళ్తూ ఆవిడ కాగితంలో చుట్టిన వంజరం ముక్కలు నా బల్ల మీద పెట్టింది. వద్దనలేదు. ఇంటికి తీసుకెళ్లాను. మా ఆవిడ పులుసు పెట్టింది. అన్నంలో కలుపుకుని తిన్నాను.